ఫర్నేసు, కాలువ, కొళాయి

విశాఖపట్నం రేవును 1933లో తెరిచినప్పుడు దాని ముఖ్యమైన పని మాంగనీసును ఓడలెక్కించడం. మధ్య పరగణాల ఖనిజం దిగిరావడం కోసం రాయపూర్ నుంచి విజయనగరం దాకా కొండల్లోంచి రైలు మార్గం కూడా వేశారు. ఇప్పుడు అదే రేవులో దక్షిణాఫ్రికా మాంగనీసు, గాబన్ మాంగనీసు దిగుతున్నాయి. అక్కడి నుంచి మా విజయనగరం జిల్లాలోని ఫెర్రో ఎల్లాయిస్ ఫర్నేసులకు వస్తున్నాయి. ఫర్నేసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన గరివిడి టీకొట్టు దగ్గర నన్ను పట్టుకుని అడిగాడు: “మన రాయి ఓడెక్కి ఎల్లిపోనాది. ఇప్పుడు ఆళ్ల రాయి ఓడెక్కి వత్తన్నాది. ఏటి సెక్రట్రీ బాబూ ఈ నాయం?”

నేను ఈ చుట్టుపక్కల పల్లెల్లో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి దిగినవాణ్ణి. ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. జీవితమంతా చదివింది తీర్మానాల పుస్తకం, క్యాష్‌బుక్కు, ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు. అయినా ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక దేశం ఎందుకు ముందుకు పోతుంది, ఇంకోటి ఎందుకు నిలబడిపోతుంది అని టీవీల్లో మాట్లాడేవాళ్లు వెంటనే నాయకుడి పేరు ఎత్తుతారు. ఫలానాయన ఉంటే అలా అయ్యేది, ఫలానాయన వల్లే ఇలా అయింది అంటారు. గరివిడిలో కూర్చుని చూస్తే నాకు కనిపించింది ఇంకోటి. నిర్ణయం తీసుకున్నవాడు అందరికీ గుర్తుంటాడు. ఆ నిర్ణయాన్ని తర్వాత ఎవరు మోశారు, ఎవరు మధ్యలో దించేశారు అన్నది ఎవరూ అడగరు. ఊళ్ల తలరాత తేలేది మాత్రం అక్కడే.

గరివిడి తెలియనివాళ్లకి రెండు మాటలు. హౌరా-చెన్నై లైన్లో విజయనగరం దాటి, నెల్లిమర్ల దాటి కాస్త ముందుకొస్తే మా స్టేషను. తర్వాతది చీపురుపల్లి. కోడూరు, గర్భాం ఇవన్నీ మాంగనీసు ఊళ్లే. గర్భాంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత గని ఉంది. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. అప్పట్లో ఇదంతా విశాఖపట్నం జిల్లా. ఆ ఏడాది ఉత్పత్తి 674 టన్నులు. 1900 నాటికి అది ఎన్నో రెట్లు పెరిగింది. లీ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి రాతికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. 1909లో వచ్చిన ఆయన పుస్తకంతో మా కోడూరు పేరు ప్రపంచ శిలాశాస్త్రంలోకి ఎక్కింది. ఊళ్లోవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉండరు.

వాళ్లకి తెలిసింది గోతులు. పాత తవ్వకాల గోతులు వానాకాలం నిండితే చెరువుల్లా కనిపిస్తాయి. గట్టుండదు, రేవుండదు, లోతెంతో చెప్పేవాడుండడు. గని మూసేటప్పుడు నేలను ఏం చెయ్యాలో ముందే ప్రణాళిక రాసిచ్చి, అందుకు పూచీకత్తు కట్టాలనే నిబంధన మన దేశంలో 2003లో వచ్చింది. తవ్వకం మొదలైన 111 ఏళ్లకి! ఈలోగా తవ్వినవాళ్లు తవ్వుకుని, అమ్మినవాళ్లు అమ్ముకుని పోయారు. వాళ్ల గోతులకి ఇవాళ జవాబు చెప్పే చిరునామా లేదు. పరిపాలన అంటే ఏమిటని పిల్లలెవరైనా అడిగితే నేను అసెంబ్లీ బొమ్మ చూపించను, ఆ గోతి దగ్గరికి తీసుకెళ్తాను. తవ్వుకోమని కాగితం రాసిన రోజునే పూడ్చే మాట కూడా రాయించుకోవాలి. రాయించుకోలేదు.

2015లో గనుల చట్టం మార్చారు. గనులున్న ప్రతి జిల్లాకి ఒక ఖనిజ ఫౌండేషను పెట్టి, పాత లీజుదారులు తాము కట్టే రాయల్టీ మీద 30 శాతం, వేలంలో లీజు పొందినవాళ్లు 10 శాతం అదనంగా దాంట్లో జమ చెయ్యాలన్నారు. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు చెయ్యాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటివాటికి పెద్ద వాటా పోవాలి. మంచి ఆలోచన, కాదనను. కానీ పనుల జాబితా తయారయ్యే గదిలో కూర్చునే అధికారులూ ప్రజాప్రతినిధులూ గోతి పక్కన బతికేవాళ్లు కారు. నేను చూసినంతలో ఏ నిధి వచ్చినా ముందు సిమెంటు రోడ్డుకీ ప్రహరీగోడకీ పోతుంది. దుమ్ము పీల్చినవాడి ఊపిరితిత్తులకి శిలాఫలకం పెట్టలేరు కదా.

ఇక ఫర్నేసు సంగతి. రాయి అమ్ముకోవడం మాని రాతిలోంచి సరుకు తీద్దామన్న ఆలోచన స్వాతంత్ర్యం తర్వాతది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా రెండూ పంచుకునే కరెంటు అది. ఖనిజం కాళ్ల కింద, రైలు గడప ముందు, కరెంటు కొండ మీద. ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషన్, అంటే మా నోటికి ఫేకర్, ఆ పదేళ్లలోనే గరివిడికి వచ్చింది. దానివెంట శ్రీరామ్‌నగర్ కాలనీ, బడి, బజారు వచ్చాయి. మా డిగ్రీ కాలేజీకి ఇప్పటికీ దుర్గాప్రసాద్ సరాఫ్ పేరే. సైరను మోతకి అన్నం వండే ఇళ్లు నాకు బాగా తెలుసు. మా మేనమామ ఇల్లు వాటిలో ఒకటి.

టాపింగు ఎలా జరుగుతుందో ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. మాంగనీసు, కోక్, సున్నపురాయి లేదా డోలమైటు కలిపి ఫర్నేసులో పోస్తారు. మనిషి కంటే ఎత్తైన మూడు కార్బన్ ఎలక్ట్రోడ్లు ఆ ముద్దలోకి దిగి ఉంటాయి. కరెంటు పారితే లోపలంతా కరిగిపోతుంది. వేళకి అడుగున మట్టితో మూసిన కన్నాన్ని పొడిచి తెరుస్తారు. కాలవలో ఎర్రగా పారేది లోహం, పైన తేలి వచ్చేది స్లాగు. ఆ వెలుగులో పనిచేసినవాళ్ల కనుబొమ్మలు ఎప్పుడూ కాలినట్టే ఉండేవి. ఆ లోహం ఉక్కు ఫ్యాక్టరీలకి పోతుంది. అది కలవకపోతే ఉక్కు గట్టిపడదు. ఇక్కడి ఖనిజంలో భాస్వరం ఎక్కువ. భాస్వరం ఉక్కుని పెళుసు చేస్తుంది. అందుకే మేలైన బయటి ఖనిజం కలుపుకోవలసి వచ్చింది. పెద్దాయన ప్రశ్నకి సగం జవాబు ఇదే. మిగతా సగం కరెంటులో ఉంది.

ఒక టన్ను ఫెర్రో మాంగనీసుకి, సిలికో మాంగనీసుకి మూడు నాలుగు వేల యూనిట్ల కరెంటు కాలుతుంది. నెలకి వంద యూనిట్లు వాడుకునే ఇంటికి అది సుమారు మూడేళ్ల కరెంటు. కాబట్టి ఈ పరిశ్రమకి అసలు ముడిసరుకు రాయి కాదు, కరెంటు. ఆ కరెంటు ధర గరివిడిలో తేలదు. 1999కి ముందు విద్యుత్ బోర్డు, ప్రభుత్వం కలిసి తేల్చేవి. 1998 సంస్కరణల చట్టం తర్వాత బోర్డు ముక్కలై, ధర తేల్చే పని నియంత్రణ మండలి చేతికి వచ్చింది. ఫెర్రో ఎల్లాయిస్‌కి విడిగా ఒక కేటగిరీ పెట్టి కాస్త తక్కువ రేటు ఇచ్చారు. దానికి ఒక మెలిక ఉండేది. ఒప్పుకున్న ప్రతి కేవీఏకి ఏడాదికి 6,701 యూనిట్లు తీసుకోవాలి. తీసుకోకపోయినా తీసుకున్నట్టే లెక్క. అంటే ఏడాది పొడుగునా దాదాపు 85 శాతం సామర్థ్యంతో ఫర్నేసు మండుతూనే ఉండాలి. ఉక్కు మార్కెట్టు పడిపోతే ఎలా? 2012-13లో లాగా ప్రభుత్వమే పవర్ హాలిడే ఇస్తే ఎలా? ఫర్నేసు ఆపితే లోపలి ముద్ద గడ్డకడుతుంది. మళ్లీ వేడెక్కించి దారికి తేవడానికి రోజులు పడుతుంది.

ఫెర్రో పరిశ్రమల్లో లెక్కలు రాసిన స్నేహితుడొకడు నాకు చెప్పిన మాట మరిచిపోలేను. “చవక కరెంటు ఇమ్మని మేము గొడవ చేస్తామని అందరూ అనుకుంటారు. చవక వద్దు, ఐదేళ్లపాటు మారని రేటు ఏదో ఒకటి చెప్పమను. మిగతాది మేం చూసుకుంటాం.” ఏ ప్రభుత్వమూ అది చెప్పలేకపోయింది. ఒకరు రాయితీ ఇస్తారు, ఇంకొకరు తీసేస్తారు, మూడోవారు సర్దుబాటు చార్జీ అని పాత బాకీ కొత్త బిల్లులో వేస్తారు. పరిశ్రమవాళ్లంతా సుద్దపూసలని నేను అనను. రాయితీ తిన్న రోజుల్లో పాత ఫర్నేసుని మార్చుకోనివాళ్లూ ఉన్నారు. 2004లో ఫేకర్ మూడు కంపెనీలుగా విడిపోయింది. ఒడిశాలోని భద్రక్ ఫ్యాక్టరీ దివాలా చట్టం కింద 2020లో వేదాంత చేతికి వెళ్లింది. గరివిడిది ఫేకర్ ఎల్లాయిస్ పేరుతో వేరుగా మిగిలింది. ఫర్నేసులు మండుతున్నాయో లేదో తెలుసుకోవడానికి గేటు దాకా వెళ్లనక్కర్లేదు. సంతలో చేపల ధర అడిగితే చాలు.

విశాఖలో దిగే రాయి పుట్టిన గాబన్ సంగతి చూడండి. 1960లో ఫ్రాన్సు నుంచి స్వతంత్రమైంది. మోవాండా గనుల మాంగనీసు 1962లో బయటికి రావడం మొదలైంది. సొంత రైలు లేక 76 కిలోమీటర్ల రోప్‌వే మీద తొట్లలో పక్క దేశం కాంగో సరిహద్దుకి, అక్కణ్ణుంచి రైల్లో రేవుకి పంపేవారు. పెట్రోలు కూడా పడింది. జనాభా కొద్దిమంది. తలసరి ఆదాయం ఆఫ్రికాలో పైవరసలో ఉంటుంది. అయినా జనంలో మూడో వంతు పేదలే. 1967 నుంచి 2009 దాకా ఒమర్ బోంగో, ఆయన పోయాక కొడుకు అలీ బోంగో ఏలారు. 2023 ఆగస్టులో సైన్యం దించేదాకా ఒకే ఇంటి పాలన. స్థిరమైన నాయకత్వం ఉంటే చాలనేవాళ్లకి ఈ కథ చెప్పాలి. 55 ఏళ్లకి పైగా స్థిరంగానే ఉంది, ఆ ఇంట్లో.

బోట్స్వానాది వేరే దారి. 1966లో స్వతంత్రం వచ్చేనాటికి దేశం మొత్తం మీద తారురోడ్డు పన్నెండు కిలోమీటర్లు ఉండేదంటారు. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. దొరికిన నేల మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ, బామాంగ్వాటోల నేల. ఆయన ఆ తెగ రాజవంశీకుడు. మా వజ్రాలు మావే అని ఉంటే ఎదురు చెప్పేవాడు ఎవడు? 1967లో చట్టం చేసి భూమిలోపలి ఖనిజమంతా తెగలది కాదు, దేశానిదని తేల్చారు. తర్వాత డీబీర్స్‌తో బేరమాడి గనుల కంపెనీలో ప్రభుత్వ వాటాని 50 శాతానికి తెచ్చారు. నాకు ఖామా త్యాగం కంటే ఎక్కువ నచ్చింది ఇంకొకటి. ఆయన 1980లో చనిపోయాక ఆ ఏర్పాటు చెదరలేదు. తర్వాత వచ్చిన మసీరే అదే లెక్క, అదే పద్ధతి నడిపి, 1998లో తనంతట తాను దిగిపోయాడు. అక్కడ కూడా అంతా బంగారం కాదు. నిరుద్యోగం ఉంది, అసమానత చాలా ఉంది, వజ్రాల గిరాకీ పడితే ఖజానా వణుకుతుంది. 2024లో జనం 58 ఏళ్ల పాలక పార్టీని ఓటుతో దించారు. దిగినవాళ్లు మాట్లాడకుండా దిగారు. సైన్యం రాలేదు.

గాబన్ కూడా మారాలనుకుంటోంది. శుద్ధి చెయ్యని మాంగనీసు ఎగుమతిని 2029 నుంచి ఆపేస్తామని 2025లో ప్రకటించింది. రాయి అమ్మం, సరుకు అమ్ముతాం అంటోంది. డెబ్బై ఏళ్ల కిందట మనవాళ్లు అన్న మాటే అది. ఫర్నేసుకి కావలసినంత కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారో వాళ్లూ ఆలోచించుకోవాలి.

ఇంత దూరం పోనక్కర్లేకుండా మా కాలువ కథ చెప్తాను. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి 2003లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. తర్వాత ప్రభుత్వం మారింది, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది. 2015 సెప్టెంబరులో జాతికి అంకితం చేసింది మళ్లీ ఆయనే. మధ్యలో పనిచేసిన ప్రభుత్వాలు దాన్ని అటకెక్కించలేదు, డబ్బు పెడుతూ వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కుడి కాలువ మా వైపు మెట్ట ఊళ్ల దాకా వచ్చింది. వచ్చాక ఏమైంది? పెద్ద కాలువలో నీళ్లు కనిపిస్తాయి, చేలోకి రావు. పిల్లకాలువలకి భూమి తీసుకోవాలి, తూములు కట్టాలి, పూడిక తియ్యాలి. ఈ పనులకి ఎవరూ హెలికాప్టర్లో రారు. గ్రామసభలో ఒక రైతమ్మ నిలబడి అంది: “పెద్ద కాలవకి కొబ్బరికాయ కొట్టినోళ్లు ఎవరో మాకు తెల్సు. పిల్లకాలవ ఎవులు తవ్వుతారో ఆ పేరు సెప్పండి బాబూ.” నేను తీర్మానం పుస్తకంలో ‘సంబంధిత శాఖ దృష్టికి తీసుకువెళ్లుటకు తీర్మానించడమైనది’ అని రాశాను. ఈ వాక్యం నా సర్వీసులో ఎన్ని పేజీల్లో ఉందో ఆ దేవుడికే ఎరుక. సంబంధిత శాఖ అంటే ఏ శాఖో కూడా చాలాసార్లు తేలేది కాదు. నీటిపారుదల వాళ్లు రెవెన్యూ అంటారు, రెవెన్యూ వాళ్లు ఉపాధి హామీ అంటారు.

రాజ్యాంగం లెక్కన పంచాయతీ చిన్నదేమీ కాదు. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక 29 విషయాలు పంచాయతీలకి అప్పగించదగినవని జాబితా ఉంది. చిన్న నీటిపారుదల, తాగునీరు, రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి. విషయాలు వచ్చాయి గానీ వాటివెంట మనుషులూ డబ్బూ రాలేదు. చేతిలో నిజంగా ఉన్నది ఇంటిపన్ను, వీధిదీపాలు, చెత్త, కొళాయి, ఇంకా కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే వాడాలని కట్టుబాటు పెట్టింది. ఆ డబ్బు వచ్చే దారి మాత్రం మన చేతిలో లేదు. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి, అదీ ఎన్నికల కమిషనరుకీ ప్రభుత్వానికీ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చాక. ఎన్నికైన సభ లేకపోతే ఆర్థిక సంఘం డబ్బు ఆగుతుంది. ఆ రెండున్నరేళ్లూ ప్రత్యేకాధికారి సంతకాలతో నడిచాం. ఒక్కో అధికారికి అయిదారు ఊళ్లు. ఆయన తప్పేమీ లేదు, మనిషే దొరికేవాడు కాదు. గెలిచాక సర్పంచులకి ఇంకో దెబ్బ. ఖాతాలో పడ్డ డబ్బుని పాత కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచులు, పార్టీ చూడకుండా, రోడ్డెక్కారు.

ఊరి మోటారు కాలిపోయినప్పుడు ఈ సంగతులన్నీ ఎవరికీ అక్కర్లేదు. జనం బిందెలు పట్టుకుని సెక్రటరీ ఇంటి ముందుకి వస్తారు. రివైండింగుకి అప్పు పెట్టేవాడెవడో వెతుక్కోవాలి.

కొళాయి నీళ్ల విషయంలో పైనున్నవాళ్లకి కనిపించని చిన్న పని ఒకటుంది. ట్యాంకు ఎక్కి బ్లీచింగు కలపడం. బస్తా విప్పి తడిగాలికి వదిలేస్తే పొడిలో ఘాటు పోతుంది, తర్వాత ఎంత కలిపినా సున్నం కలిపినట్టే. కలిపాక క్లోరోస్కోపు గాజుగొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. నీరు లేత పసుపుకి తిరగాలి. లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనా మిగలాలి. చాలామంది ట్యాంకు కిందే పరీక్ష చేసి రిజిస్టరులో రాసేస్తారు. చూడవలసింది ఊరి చివర కొళాయి దగ్గర. గొట్టం పగిలి మురుగు కలిసేది దారిలోనే కాబట్టి. చివరి కొళాయి మామూలుగా ఏ వీధిలో ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

2024 అక్టోబరులో మా పక్క మండలం గుర్లలో వాంతులు, విరేచనాలు ప్రబలి వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. ఎన్ని అన్నదాని మీద ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ లెక్క కుదరలేదు. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు, మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి వచ్చారు. తప్పు గత ప్రభుత్వానిదని వీళ్లు, ఈ ప్రభుత్వానిదని వాళ్లు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉండొచ్చు. అంతకు రెండు నెలల ముందే, ఆగస్టు 23న, రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అది రికార్డు. సభలు పెట్టడం మంచిదే. ఆ సభల్లో క్లోరోస్కోపు బయటికి తీసిన ఊరు ఎక్కడైనా ఉందా అని మాత్రం నాకు అడగాలనిపించింది. నాలుగు వందల గడపల ఊళ్లో ఆ గొట్టం ఎవరి దగ్గరుందో, మందు సీసా ఎప్పుడు కొన్నారో తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలు. ఆ ఒక్కడు సెలవు పెడితే రెండోవాడెవడో కూడా కాగితం మీద ఉండాలి.

2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల గడువు 2026 ఏప్రిల్ మొదటి దాకా. 16వ ఆర్థిక సంఘం అయిదేళ్ల కాలం మొదలయ్యేది కూడా 2026 ఏప్రిల్ 1నే. పాత సభ దిగిపోవడం, కొత్త డబ్బు మొదలవడం ఒకే వారంలో. 2018 తర్వాత ఏం జరిగిందో కార్యదర్శులందరికీ గుర్తుంది. సభ లేని రోజుల్లో బ్లీచింగు బస్తాలకి, మోటారు రిపేర్లకి ఇంటిపన్ను ఖాతాలో ఎంత ఉంచుకోవాలో వాళ్లు ఇప్పుడే లెక్కలు వేసుకుంటూ ఉండాలి.